ఖీమాలో తోటకూర

ఆగస్టు 5, మంగళవారం

జాస్మిన్ బళ్ళో కబడ్డీ ఆడుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. నేను అంగన్‌వాడీ సెంటర్లో పిల్లలకి గుడ్లు వలిచి పెడుతుంటే వాళ్ళ పీఈటీ కరీముల్లా మాస్టారు ఫోన్ చేశారు. వేళ్ళకి అంటిన పెంకులు దులుపుకోకుండానే పరిగెత్తాను. వెళ్ళేసరికి మా అమ్మాయి వరండాలో కూర్చుని గ్లూకోజు నీళ్ళు తాగుతోంది. ఎండకి అలా అయిందట. నేను కంగారు పడకూడదట. అంతమంది ముందు తన మొహం కొంగుతో తుడవకూడదట.

ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ ఎనిమిది పాయింటు రెండు. తొమ్మిదో తరగతి పిల్లకి పన్నెండు ఉండాలి. డాక్టరమ్మ చెబుతుంటే బుద్ధిగా తలూపాను. ఊళ్ళో తల్లులందరికీ నేను రోజూ చెప్పే పాఠమే అది. సెంటర్ గోడ మీద ఆకుకూరల బొమ్మల చార్టు అతికించింది కూడా నేనే. ఆ సంగతి డాక్టరమ్మకి తెలుసు.

"మీ ఇంట్లోనే ఇలా ఉంటే ఎలాగండీ రెబెకా గారూ" అంది. నవ్వుతూనే అంది. ఇంటికొచ్చి అన్నం వార్చేటప్పుడు కూడా ఆ నవ్వే గుర్తొచ్చింది.

ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఆకుకూరలు బాగా పెట్టమన్నారు. అక్టోబరులో ఒంగోల్లో జిల్లా సెలెక్షన్లు ఉన్నాయి. అప్పటికి రక్తం పది దాటకపోతే జాస్మిన్‌ని తీసుకెళ్ళేది లేదని కరీముల్లా మాస్టారు తేల్చి చెప్పేశారు. అది ఒక్కటే దానికి ఏడుపు తెప్పించింది.

ఆగస్టు 6, బుధవారం

ఇంట్లో పరిస్థితి ఇది.

మావయ్య ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. ఇంట్లో ఇప్పటికీ ఆయన రైట్ అంటేనే ఏదైనా కదులుతుంది. గోంగూర తప్ప ఇంకే ఆకూ ముట్టరు. గోంగూర ఆకుకూర కాదట, అది గోంగూరట. "జక్రయ్య కంచంలో ఆకు పడదు" అని తన పేరు తనే పెట్టుకుని మరీ చెబుతారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తయ్య కూడా నాకు మొదట చెప్పిన సంగతి అదే. ఎందుకని అడిగితే, "ఆయనంతేలే" అంది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆయన అంతే.

మా ఆయన బెన్నీ లారీ మీద మిర్చి బస్తాలు గుంటూరు యార్డుకి తోలుతాడు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఉన్న రోజుల్లో పచ్చగా ఏది కనపడినా మేకల మేత అంటాడు. వాళ్ళిద్దర్నీ చూసి జాస్మిన్ నేర్చుకుంది.

ఇవాళ తోటకూర పప్పు చేశాను. మావయ్య ఆవకాయతో తినేసి లేచారు. బెన్నీ తనే ఆమ్లెట్ వేసుకున్నాడు. జాస్మిన్ ఒక్కొక్క ఆకూ ఏరి కంచం అంచు చుట్టూ తోరణంలాగా అంటించింది.

రాసుకుంటే ధైర్యం వస్తుందనుకున్నాను. రాలేదు.

ఆగస్టు 9, శనివారం

మల్లెకుండీలో నీళ్ళు పోస్తుంటే మట్టిలోంచి ఎర్రమాత్రలు బయటపడ్డాయి. మింగితే వికారంగా ఉంటోందట. మల్లెచెట్టు మాత్రం బాగానే ఉంది.

ఆగస్టు 10, ఆదివారం

చర్చిలో వాక్యం వింటూ ఉండగా ఈ ఆలోచన వచ్చింది. దేవుడు ఇచ్చిన ఆలోచనే అనుకుంటున్నాను.

తోటకూరని గసగసాలంత సన్నగా తరిగాను. నీరు ఇగిరిపోయి నల్లబడేదాకా వేయించి ఖీమాలో కలిపాను. అయినా రంగు కొంచెం పచ్చగా తిరిగింది. ఇంకో చెంచా కారం వేశాను. ఇంకా అనుమానం వచ్చి మరో చెంచా వేశాను.

మావయ్య చెమటలు తుడుచుకుంటూ తిన్నారు. చెంబుడు మజ్జిగ తాగారు. "ఇన్నాళ్ళకి నీకు ఖీమా చేతికొచ్చింది అమ్మాయ్" అన్నారు. బెన్నీ గిన్నె తుడిచేశాడు. జాస్మిన్ మారు అడిగింది.

నేనేమీ అబద్ధం చెప్పలేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు, అంతే.

ఆగస్టు 13, బుధవారం

మునగాకు నీడలో ఆరబెట్టి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, చింతపండు వేసి పొడి కొట్టాను. రంగు చూసి మావయ్య ఏమిటని అడిగారు. పచ్చిమిరపకాయ కారం అన్నాను. తర్వాత రెండు పచ్చిమిరపకాయలు వేయించి అందులో నూరాను. కాబట్టి ఇప్పుడది అబద్ధం కాదు.

ఇడ్లీలోకి నెయ్యి వేసుకుని తిన్నారు. రేపటికి దాచమన్నారు.

ఆగస్టు 18, సోమవారం

పాలకూర రుబ్బి దోశ పిండిలో కలిపాను. పచ్చిమిరప దోశ అని పేరు పెట్టాను. బెన్నీ ఆరు తిన్నాడు. మా ఊరివాళ్ళ కళ్ళకి పచ్చగా ఉండే హక్కు ఒక్క మిరపకాయకే ఉంది. ఆ పేరు పెడితే చాలు, గడ్డి పెట్టినా తినేట్టున్నారు.

ఆగస్టు 20

బచ్చలాకు బోండాలు. ఎవరూ కనిపెట్టలేదు.

ఆగస్టు 21

మెంతికూర కనిపెట్టబోయారు. చేదు ఎందుకొచ్చిందని అడిగారు. జీలకర్ర మాడిందన్నాను. ఇది మాత్రం అబద్ధమే. ఆదివారం ప్రార్థనలో చూసుకుంటాను.

ఆగస్టు 22, శుక్రవారం

ఆకుకూరలమ్మే రాఘవమ్మ ఇంటి ముందు గంప దించబోతుంటే ఎదురెళ్ళి ఆపాను. ఇకనుంచి సెంటర్ దగ్గరికే తెచ్చివ్వమన్నాను. ఎందుకమ్మా అంది. కుక్క ఉంది కరుస్తుందన్నాను. "మీకు కుక్క లేదుగా" అంది. తెస్తున్నామన్నాను.

అబద్ధాలు రెండయ్యాయి.

ఆగస్టు 24, ఆదివారం

దొరికిపోయాను.

చర్చి నుంచి వచ్చి తోటకూర తరుగుతున్నాను. జాస్మిన్ నీళ్ళకోసం వంటింట్లోకి వచ్చింది. చేట వెనక్కి నెట్టాను గానీ కాడలు కనపడ్డాయి. అది చేట వైపు చూసింది, పొయ్యి మీద ఖీమా వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

మొత్తం చెప్పేశాను. కోపం వస్తుందనుకుంటే గడప మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. మేకల మేత అనే వాళ్ళ నాన్న ఆరు దోశలు తిన్న సంగతి మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత మొహం గంభీరంగా పెట్టి బేరానికి దిగింది. తాతయ్యకి చెప్పదట. రోజూ గంటసేపు ఫోను ఇవ్వాలట.

అరగంట అన్నాను. ముప్పావుగంట అంది. అయితే మాత్రలు నా కళ్ళ ముందు, అన్నం తిన్నాక, నిమ్మరసంతో మింగాలన్నాను. వేళ్ళ మీద లెక్కేసుకుని సరేనంది.

"ఆకు ఎక్కువ వెయ్యి, కారం తగ్గించు మమ్మీ. నోరు కాలిపోతోంది" అంది.

కారం తగ్గిస్తే ఆకు బయటపడుతుంది. దానికి ఇవన్నీ తెలియవు.

సెప్టెంబరు 3, బుధవారం

మావయ్యకి ఛాతీలో మంటగా ఉందట. వయసు మీదపడిందంటున్నారు. మజ్జిగకని పాలు ఎక్కువ తోడుపెడుతున్నాను.

సెప్టెంబరు 8, సోమవారం

మావయ్యకి మళ్ళీ మంట. గ్యాస్ గోళీలు తెచ్చుకున్నారు. కారం వల్ల కాదనుకుంటాను. మిర్చి పండే ఊరి మనిషికి కారం ఏం చేస్తుంది.

రేపటి నుంచి అరచెంచా తగ్గిస్తాను.

సెప్టెంబరు 9

తగ్గించలేదు. పొన్నగంటికూర వాసన పైకి వస్తోంది.

సెప్టెంబరు 14, ఆదివారం

వచ్చే ఆదివారం మా చర్చి వార్షికోత్సవం. ఆరాధన అయ్యాక సంఘమంతటికీ ప్రేమవిందు. వంటలు ఎవరెవరు చేస్తారని పాస్టరుగారు అడుగుతుండగా మావయ్య లేచి నిలబడ్డారు. బస్సు నిండా జనం ఉన్నా వెనక సీటుకి వినపడే గొంతు ఆయనది. మా కోడలు ఖీమా చేస్తుంది, తిన్నవాళ్ళు జన్మలో మరిచిపోరు అని ప్రకటించారు.

అందరూ చప్పట్లు కొట్టారు. జాస్మిన్ పాటల పుస్తకంలో మొహం దాచుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

మావయ్య నన్ను నలుగురిలో పొగడటం ఇదే మొదటిసారి. సంతోషం వేసింది. ఆ మాట కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

సెప్టెంబరు 15

అంతమందికి ఖీమా. ఆకు లేకుండా వండితే రుచి మారిందని ఆయనకి తెలిసిపోతుంది. చర్చి విందు ఖీమాలోకని రాఘవమ్మకి పెద్ద గంప చెప్పాను.

సెప్టెంబరు 20, శనివారం

రాఘవమ్మ గంప సెంటర్‌కి తెచ్చిందట. సెలవని తాళం వేసి ఉందట. రేపటి వంటకే కదా అని తిన్నగా చర్చికి తెచ్చేసింది.

చర్చి ఆవరణలో షామియానా వేస్తున్నారు. మావయ్య కుర్చీలో కూర్చుని పెద్దమనుషులకి తన సర్వీసు కబుర్లు చెబుతున్నారు. నేను పాస్టరమ్మగారితో కలిసి ఉల్లిపాయలు వలుస్తున్నాను. రాఘవమ్మ ఆయన కాళ్ళ దగ్గరే గంప దించింది. తోటకూర కట్టలు, మునగ రెమ్మలు, పైన తడిగుడ్డ.

అది ఎవరికని మావయ్య అడిగారు.

"మీ కోడలుగారికే. ఖీమాలోకి" అంది రాఘవమ్మ. తప్పేం లేదు ఆమెది. "మీ ఇంట్లో మంచి తిండి తింటారు కండక్టరుగారూ. రోజూ నాలుగు కట్టలు మీకే పోతాయి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవరో నవ్వారు. జక్రయ్య కంచంలో ఆకు పడదని ఊరంతటికీ తెలుసు కదా. అందరూ నవ్వారు. ఇంక ఎవరికి వాళ్ళు అందుకున్నారు. టికెట్ లేకుండా ఎక్కిన ఆకుని కండక్టరు పట్టుకోలేకపోయాడన్నారు.

మావయ్య నా వైపు చూశారు. తిట్టలేదు. గంప వైపు ఇంకోసారి చూసి, కండువా భుజాన వేసుకుని ఇంటివైపు నడిచారు. నా చేతిలో ఉల్లిపాయ అలాగే ఉంది. కళ్ళలో నీళ్ళు ఉల్లిపాయవేనని పాస్టరమ్మగారితో అన్నాను.

సెప్టెంబరు 21, ఆదివారం

గంప అంతా వాడాను. ఇంకేం చెయ్యను. గిన్నెలు ఖాళీ అయ్యాయి. ముగ్గురు ఆడవాళ్ళు ఎలా చేశావని అడిగారు. చెప్పాను. మావయ్య ఆరాధనలో కూర్చున్నారు గానీ విందుకి ఆగలేదు.

సెప్టెంబరు 22, సోమవారం

మావయ్య బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీ తిని వచ్చారు. మధ్యాహ్నం కూడా అక్కడే.

నేను చేసింది తప్పు కాదు. డాక్టరమ్మ చెప్పిందే చేశాను.

సాయంత్రం బెన్నీ గుంటూరు నుంచి వచ్చాడు. సంగతి విని పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, "మరి ఆ దోశలో?" అన్నాడు. పాలకూర అన్నాను. లేచి వెళ్ళి లారీ క్యాబిన్‌లో కూర్చున్నాడు. జాస్మిన్ వెళ్ళి బతిమాలి తీసుకొచ్చింది.

సెప్టెంబరు 23, మంగళవారం

హోటలే. నేను చేసింది తప్పు కాదు.

సెప్టెంబరు 24

ఛాతీ మంట తగ్గిందని మావయ్య జాస్మిన్‌తో అంటుంటే విన్నాను. నేను చేసింది తప్పు కాదు. కారం విషయంలో తప్ప.

సెప్టెంబరు 25, గురువారం

సెంటర్ నుంచి వచ్చేసరికి మావయ్య అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. టీ ఇచ్చాను. తీసుకున్నారు. లోపలికి వెళ్ళబోతుంటే కూర్చోమన్నారు.

క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టారు.

ఆయనకి ఏడెనిమిదేళ్ళ వయసులో ఒక ఏడు వానలు పడలేదట. జొన్నచేలు ఎండిపోయాయి. నాయనకి గానీ అమ్మకి గానీ కూలి లేదు. వాళ్ళమ్మ పొద్దున్నే పోయి చేలగట్ల మీద చెంచలికూర, ఇంకా ఏవేవో ఆకులు ఒడినిండా కోసుకొచ్చేదట. దాకనిండా ఆకు ఉడకేసి, అందులో గుప్పెడు జొన్నపిండి కలిపి ముద్దలు చేసేదట. నెలల తరబడి అదే. నాలుకలు పచ్చబడి బళ్ళో పిల్లలు నవ్వేవాళ్ళట.

"సంగటి అని చెప్పి పెట్టేది" అన్నారు. "మా తమ్ముడు చిన్నోడు. ఇది సంగటేనా అమ్మా అని అడిగేవాడు. అవున్రా, సంగటే, తిను అనేది. మేం నమ్మినట్టు తినేవాళ్ళం. అమ్మ మొహం చూళ్ళేక."

నేను టీ గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నాను.

"ఉజ్జోగం వచ్చినరోజు అనుకున్నా. ఇంక నా కంచంలో ఏం పడాలో నేనే చెప్పుకుంటానని. అంతకంటే ఏం లేదమ్మాయ్. ఆకు మీద నాకేం పగ లేదు."

"అత్తయ్యకి చెప్పలేదా మావయ్యా?" అని అడిగాను.

"ఎవురికీ చెప్పలా. చెప్పుకునే మాటా అది." టీ ఒక గుక్క తాగారు. "మా అమ్మది తప్పని నేను అనను. నీదీ అనను. పిల్లకి రక్తం కావాలి, పెట్టుకో. నాకు మాత్రం అడిగి పెట్టు."

"అడిగితే వద్దంటారుగా."

"వద్దనే అంటా. అయినా అడుగు."

గ్లాసు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళారు. ఇంట్లోనే అన్నం తిన్నారు. ఆవకాయతో.

ఇన్నేళ్ళు ఆయనది మొండితనం అనుకున్నాను. సెంటర్లో తల్లులకి పిల్లల్ని అడగకుండా మెత్తగా రుబ్బి కలిపెయ్యండి అని నేర్పేదాన్ని. చంటిపిల్లలకి అది సరే. ఇంకెవరికీ కాదేమో. దీని గురించి ఆలోచించాలి.

సెప్టెంబరు 26

తోటకూర వేపుడు. అడిగాను. వద్దన్నారు.

సెప్టెంబరు 27

పాలకూర పప్పు. అడిగాను. వద్దన్నారు. జాస్మిన్ కంచం చుట్టూ తోరణం కట్టకుండా తింది.

సెప్టెంబరు 28, ఆదివారం

ఖీమాలో ఏమీ కలపలేదు. కారం మామూలుగా వేశాను. చప్పగా ఉందని బెన్నీ అన్నాడు. పోయినసారిలా చెయ్యమన్నాడు. "ఆకుతోనా?" అని అడిగితే తల వంచుకుని "ఎట్టయినా సరే" అన్నాడు.

మునగాకు వేపుడు విడిగా గిన్నెలో పెట్టి మావయ్యని అడిగాను. గొంతు సవరించుకుని, వెనక సీటుకి వినపడేలా వద్దన్నారు. ఆ మాట అనడం ఆయనకి ఎంత బాగుందో మొహంలో తెలిసిపోయింది. నాకూ నవ్వొచ్చింది.

అక్టోబరు 3, శుక్రవారం

జాస్మిన్ రక్తం పది పాయింటు ఆరు. పన్నెండు కావాలంటే మాత్రలు ఇంకా వాడాలని డాక్టరమ్మ చెప్పింది. ఏం పెట్టారని అడిగింది. అన్నీ అడిగే పెడుతున్నానన్నాను. ఆమెకి అర్థం కాలేదు.

బచ్చలి పులుసు. అడిగాను. వద్దన్నారు.

అక్టోబరు 8, బుధవారం

ఒంగోలు వెళ్ళాం. పొద్దున బస్సెక్కేటప్పుడు మావయ్య కూడా తయారై వచ్చారు. దారంతా ఆ కుర్ర కండక్టరుకి చిల్లర ఎలా సర్దాలో చెబుతూనే ఉన్నారు.

జాస్మిన్ మొదటి పన్నెండు మందిలోకి రాలేదు. స్టాండ్‌బైలో తీసుకున్నారు. కానీ రెండు ఆటలూ చివరిదాకా ఆడింది. ఒక్కసారి కూడా నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆగలేదు. తన చీలమండ పట్టుకున్న ఒక పొడుగుపిల్లని లైను దాకా ఈడ్చుకొచ్చినప్పుడు మావయ్య కుర్చీ మీద నిలబడ్డారు. దిగండి పెద్దాయనా అని ఎవరో కేకలు వేశారు.

తిరిగొచ్చేటప్పుడు అది ఏడుస్తుందేమో అనుకున్నాను. కిటికీకి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఈసారి దాని మొహం తుడిచాను.

అక్టోబరు 12, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి ఆలస్యమైంది. బెన్నీ మధ్యాహ్నమే లోడుకి వెళ్ళాలి. హడావిడిగా అందరికీ వడ్డించేసి నేనూ కూర్చున్నాను.

మావయ్య చెయ్యి కడుక్కుని కూర్చున్నారు గానీ అన్నం కలపలేదు.

"ఏంది అమ్మాయ్, ఇయ్యాల అడగవా?" అన్నారు.

లేచి వంటింట్లోంచి గిన్నె తెచ్చాను. తోటకూర వేపుడు మావయ్యా, వేసుకుంటారా అని అడిగాను. జాస్మిన్ నోట్లో ముద్ద నమలడం ఆపింది. మావయ్య గిన్నెలోకి చాలాసేపు చూశారు.

"కాస్త పెట్టు. అన్నానికి తగలకుండా, ఆ పక్కన."

పెట్టాను. మేమెవరం అటు చూడలేదు. చూడటం లేదని ఆయనకి తెలిసేలా చూడలేదు. ఖీమాతో తిన్నారు, పెరుగుతో తిన్నారు. అన్నం అంతా అయిపోయాక దాన్ని రెండు వేళ్ళతో తీసి నోట్లో వేసుకున్నారు. నిదానంగా నమిలారు.

ఉప్పు తక్కువైందన్నారు.

ఉప్పు సరిగ్గానే ఉంది.